ప్రీ ఫైనల్ మార్కులు - మన స్థాయిని ఎవరు నిర్ణయించాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంచిక కమిటీ మిత్రులు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఇప్పుడు పదో తరగతి చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వెంటనే పనికివచ్చే విషయం ఒకటి చర్చిద్దామనుకున్నాను. అది ప్రీ ఫైనల్ పరీక్షల గురించి, ఆ పరీక్షల మార్కులు వచ్చిన మర్నాడు జరిగే విభజన గురించి.

ఈ విభజన మనందరికీ తెలిసిందే. మార్కుల జాబితా వస్తుంది. పై వరుసలో ఉన్నవారు ఎ గ్రూపు, మధ్యలో ఉన్నవారు బి గ్రూపు, పాస్ మార్కుల దగ్గరా ఆ కిందా ఉన్నవారు సి గ్రూపు. ఎ గ్రూపు వారికి పుస్తకం మొత్తం చెబుతారు, కష్టమైన లెక్కలు చేయిస్తారు. సి గ్రూపు వారికి పాస్ మార్కుల మెటీరియల్ ఇస్తారు. ఒక గ్రాఫు, ఒక నిర్మాణం, కొన్ని సూత్రాలు, కొన్ని నిర్వచనాలు, బొమ్మలు గీసి భాగాలు గుర్తించే ప్రశ్నలు. మిగతా పుస్తకం వాళ్ళకు ఆ రోజుతో మూతపడుతుంది. చాలా పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి ఇది.

దీని మీద నా అభిప్రాయం ముందే చెబుతాను. విద్యార్థి తన శక్తిని బట్టి ఒక సబ్జెక్టులో తేలిక స్థాయినో కష్ట స్థాయినో ఎంచుకోవడం తప్పు కాదు. కానీ ఆ ఎంపిక విద్యార్థికి చెప్పకుండా జరగడం, మొత్తం మార్కు ఒక్కటే చూసి జరగడం, ఒకసారి జరిగాక తిరిగి పైకి వచ్చే దారి లేకపోవడం - ఈ మూడూ తప్పు. ప్రీ ఫైనల్ ఉన్నది మనకేం రాదో తెలుసుకోవడానికి. మనమేం కాలేమో తేల్చడానికి కాదు.

స్థాయిలు కొత్తవి కావు

ఒకే సబ్జెక్టును రెండు స్థాయిల్లో పెట్టడం మనకు కొత్తేమీ కాదు. 1960లలో హైస్కూలు చదివిన పెద్దలెవరైనా మీ ఊళ్ళో ఉంటే అడిగి చూడండి. ఆ రోజుల్లో జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్ అని రెండు ఉండేవని చెబుతారు. ఇంజనీరింగ్ వైపు వెళ్ళదలచినవారు కాంపోజిట్ తీసుకునేవారు. లెక్కలంటే భయపడేవారు, పై చదువులో లెక్కలు అక్కర్లేదనుకున్నవారు జనరల్ తీసుకునేవారు. పదిహేనేళ్ళయినా నిండని వయసులో తీసుకున్న ఆ నిర్ణయం తర్వాత చదివే చదువునంతా నిర్ణయించేది.

ఇప్పుడు సి.బి.ఎస్.ఇ. లో ఇటువంటిదే ఉంది. 2019-20 విద్యా సంవత్సరం నుండి, అంటే 2020 మార్చి పరీక్షల నుండి, పదో తరగతి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు ప్రశ్నపత్రాలు పెట్టారు. నవోదయ, కేంద్రీయ విద్యాలయాల్లో చదివే పిల్లలకు ఇది తెలుసు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. రెంటికీ పాఠ్యపుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే, తరగతిలో చెప్పే పాఠం ఒకటే, ఇంటర్నల్ మార్కులు వేసే పద్ధతి కూడా ఒకటే. చివర రాసే ప్రశ్నపత్రం ఒక్కటే వేరు. తొమ్మిదో తరగతిలో ఈ తేడా పెట్టలేదు. ఏది రాయాలో పదో తరగతిలో బోర్డుకు పేర్లు పంపే సమయంలో విద్యార్థి చెప్పుకోవాలి.

తిరిగి వచ్చే దారి కూడా ఆ పద్ధతిలోనే పెట్టారు. బేసిక్ పాసైనవారు మనసు మార్చుకుంటే కంపార్ట్‌మెంట్ పరీక్షలో స్టాండర్డ్ రాసే వీలు కల్పించారు. స్టాండర్డ్ తప్పినవారు కంపార్ట్‌మెంట్‌లో స్టాండర్డైనా బేసిక్కైనా రాయవచ్చన్నారు. బేసిక్ రాసినవారు పదకొండో తరగతిలో గణితం తీసుకోకూడదన్న నియమం మొదట ఉండేది. కోవిడ్ కాలంలో ఆ నియమాన్ని సడలించారు. అప్లైడ్ మ్యాథమెటిక్స్ అనే మరో సబ్జెక్టు కూడా 2020-21 నుండి వచ్చింది. అంటే తలుపు ఒకటి మూసినా, పక్కన మరొకటి తెరిచే ఉంచారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా గణితంతో మొదలుపెట్టి సబ్జెక్టులను రెండు స్థాయిల్లో అందించవచ్చని చెప్పింది. కనుక ఈ ప్రశ్న మన పిల్లలకు దూరమైనది కాదు.

ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లలు రాసే జి.సి.ఎస్.ఇ. గణితంలో కూడా ఫౌండేషన్, హయ్యర్ అని రెండున్నాయి. అక్కడ గ్రేడ్లు 1 నుండి 9 దాకా ఉంటాయి, 9 అన్నిటికన్నా పైది. ఫౌండేషన్ పేపరు రాసినవారికి ఎంత బాగా రాసినా 5 కి మించి గ్రేడు రాదు. మాక్ పరీక్షలు పెట్టి, ఆ ఫలితాన్ని చూసి ఎవరు ఏ పేపరు రాయాలో తేల్చడం అక్కడ మామూలు. అందుకే అక్కడి పిల్లలకు, తల్లిదండ్రులకు మాక్ పరీక్ష అంటే ఒక నిర్ణయం జరిగే రోజు. కానీ ఆ నిర్ణయం అందరికీ తెలిసి జరుగుతుంది. ఏ పేపరు రాస్తే ఏ గ్రేడు దాకా వెళ్ళవచ్చో ముందే రాసి ఉంటుంది.

కాగితం మీద లేని స్థాయి

మన రాష్ట్రాల పదో తరగతి పరీక్షల్లో మాత్రం ఇటువంటి రెండు ప్రశ్నపత్రాలు లేవు. ఎ గ్రూపు విద్యార్థి రాసేదీ సి గ్రూపు విద్యార్థి రాసేదీ ఒకే పేపరు. పైకి చూస్తే మనది అందరికీ సమానమైన పద్ధతి. కానీ నిజంగా సమానమేనా?

ప్రశ్నపత్రం ఒకటే అయినప్పుడు, చివరి రెండు నెలలు ఒకరికి పుస్తకం మొత్తం చెప్పి ఇంకొకరికి పది పేజీల జిరాక్సు కాగితాలు ఇస్తే, ఆ రెండో విద్యార్థి బేసిక్ చదివి స్టాండర్డ్ రాస్తున్నట్టే. తను తేలిక స్థాయిలో ఉన్నానని అతనికి ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టి ఒప్పుకున్నదీ లేదు. ఇంటి దగ్గర తల్లిదండ్రులకు ఆ సంగతే తెలియదు. కాగితం మీద ఉన్న స్థాయికి నియమాలుంటాయి, గడువులుంటాయి, మార్చుకునే వీలుంటుంది. కాగితం మీద లేని స్థాయికి అవేవీ ఉండవు.

నేను పదో తరగతి రాసింది 2000ల మొదట్లో. అప్పుడు మొత్తం 11 పేపర్లు, గణితానికే రెండు. తర్వాత పేపర్ల సంఖ్య తగ్గింది కానీ గ్రూపుల పద్ధతి అలాగే ఉంది. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ప్రీ ఫైనల్ మార్కులను బట్టి సి గ్రూపులో పడ్డాడు. లెక్క అర్థమైతే మాకందరికీ చెప్పేవాడు, కానీ రాయడంలో నిదానం. రెండు నెలలు గ్రాఫులే గీశాడు. పాసయ్యాడు కూడా. కానీ ఆ రెండు నెలల్లో తనకు లెక్కలు రావన్న మాట అతని మనసులో పాతుకుపోయింది. ఇంటర్‌లో లెక్కలున్న గ్రూపు పేరు కూడా ఎత్తలేదు. కొన్నేళ్ళ తర్వాత కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యేటప్పుడు ఆరో తరగతి పుస్తకం తెచ్చుకొని అంకగణితం మళ్ళీ మొదటి నుండి చదివాడు. ఉద్యోగం సాధించాడు. లెక్కలు అతనికి రాకపోవడం అన్నది ఎప్పుడూ లేదని ఆ రోజు మాకందరికీ అర్థమైంది.

ఉపాధ్యాయుల మాటలోనూ న్యాయం ఉంది

ఈ విషయంలో మన గురువులను, వార్డెన్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ వైపు నుండి కూడా ఆలోచించాలి.

ఒక్క సబ్జెక్టు తప్పినా పదో తరగతి పాసైనట్టు కాదు. సప్లిమెంటరీ ఉంది కదా అంటాం కానీ, ఫెయిలై ఊరికి వెళ్ళిన మన పిల్లల్లో కొందరు మళ్ళీ పుస్తకం పట్టరు. అబ్బాయి అయితే కూలికి, మేస్త్రీ పనికి పోతాడు. అమ్మాయి అయితే పెళ్ళి సంబంధాలు చూస్తారు. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు ముందు వీళ్ళను ఒడ్డు దాటిద్దాం అనుకోవడంలో ప్రేమే ఉంది. పదిమంది పిల్లలకు ఒకే గంటలో ఒకే పాఠం చెప్పలేనప్పుడు పిల్లలను విడగొట్టడం తప్పనిసరి కూడా కావచ్చు. పాస్ మార్కుల మెటీరియల్ వల్ల గట్టెక్కినవారు మన పాత విద్యార్థుల్లోనే చాలామంది ఉన్నారు.

నేనడిగేది ఒక్కటే. ఒడ్డు దాటించే పడవ ఎక్కించేటప్పుడు, ఈ పడవ ఎక్కడిదాకా వెళ్తుందో ఎక్కేవాడికి చెప్పాలి. అతను ఈదగలడా లేదా అన్నది సరిగ్గా చూసి చెప్పాలి.

మొత్తం మార్కు ఏం చెబుతుంది, ఏం దాచుతుంది?

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. విద్యార్థిని చూడడానికి ఒక మార్కు చాలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గణితం ప్రీ ఫైనల్‌లో ఒక విద్యార్థికి 100 కి 34 వచ్చాయనుకుందాం. జాబితాలో అతను ఫెయిల్, కాబట్టి సి గ్రూపు. ఇప్పుడు జాబితాను పక్కనపెట్టి అతని జవాబుపత్రం తెరుద్దాం. పోయిన 66 మార్కులు ఎక్కడెక్కడ పోయాయో ఎర్ర పెన్నుతో లెక్కేద్దాం.

చివర రెండు మూడు పెద్ద ప్రశ్నలు ముట్టుకోనే లేదు, గంట కొట్టేశారు. అక్కడ 20 పోయాయి. తెలిసిన లెక్కలోనే గుర్తు తారుమారు చేయడం, ప్రశ్నలోని అంకెను తప్పుగా దించడం, గ్రాఫు గీసి స్కేలు రాయకపోవడం, జవాబుకు ప్రమాణం వేయకపోవడం - వీటివల్ల 16 పోయాయి. ప్రశ్న మాటల్లో ఉండడం వల్ల అర్థంకాక వదిలేసినవి 12. అసలు పాఠమే రాక పోయినవి 18. ఇరవై, పదహారు, పన్నెండు, పద్దెనిమిది కలిపితే 66.

ఇప్పుడు చెప్పండి, ఈ విద్యార్థికి లెక్కలు రావా? అతనికి నిజంగా రానిది 18 మార్కుల పాఠం. మిగతా 48 మార్కులకు మందులు వేరు. సమయం చాలనివాడికి గడియారం పెట్టుకొని రాసే అభ్యాసం కావాలి. తెలిసీ తప్పు చేసేవాడికి చివర పది నిమిషాలు సరిచూసుకునే అలవాటు కావాలి. ప్రశ్న అర్థంకానివాడికి లెక్కల కన్నా ముందు భాష కావాలి. ఈ ముగ్గురిలో ఎవరికీ పాస్ మార్కుల జిరాక్సు కాగితాలు మందు కాదు. పైగా పెద్ద లెక్కల అభ్యాసం మానేస్తే రాసే వేగం ఇంకా తగ్గుతుంది.

మాటల్లో ఇచ్చే లెక్క గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. వర్గ సమీకరణం రాసిస్తే టకటకా సాధిస్తారు. అదే 'రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290 అయితే ఆ సంఖ్యలేవి' అంటే పెన్ను ఆగిపోతుంది. వరుస బేసి సంఖ్యలంటే ఒకదానికి ఒకటి రెండు ఎక్కువ అన్న సంగతి అందితే చాలు, సమీకరణం తయారవుతుంది, 11, 13 అని జవాబు వచ్చేస్తుంది. 11 వర్గం 121, 13 వర్గం 169, కలిపితే 290. ఇక్కడ అడ్డుపడింది గణితం కాదు, వాక్యం. ఇంట్లో చదివి చెప్పేవారు లేని పిల్లలకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఏడో తరగతి దాకా ఒక మీడియం, తర్వాత ఇంకో మీడియం చదివిన పిల్లలకు మరీ ఎక్కువ. దాన్ని తెలివి లేకపోవడం కింద జమకట్టడం అన్యాయం.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ప్రీ ఫైనల్ మార్కు రాగానే ఏడవకండి, ఎగరకండి. జవాబుపత్రం అడిగి తీసుకోండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి. సమయం చాలక పోయినవి, తెలిసీ తప్పినవి, ప్రశ్న అర్థంకాక పోయినవి, పాఠం రాక పోయినవి. ప్రతి సబ్జెక్టుకూ ఇలా చేయండి. మీ స్థాయి ఏమిటో ఆ కాగితం చెబుతుంది.

అభ్యాస పరీక్ష అంటే అభ్యాసమే

మనలో చాలామంది ప్రీ ఫైనల్‌ను రెండు రకాలుగా పాడు చేసుకుంటాం. కొందరు ఈ మార్కులు ఎక్కడా కలపరులే అని చదవకుండా రాస్తారు. ఇంకొందరు మార్కులు తగ్గితే పరువు పోతుందని పక్కవాడి పేపరు చూసి రాస్తారు. మొదటివారికి తమకు ఏం వచ్చో తెలియదు. రెండోవారికి తమకు ఏం రాదో తెలియదు. పబ్లిక్ పరీక్ష హాల్లో ఇద్దరికీ ఒకే ఆశ్చర్యం ఎదురవుతుంది.

హాస్టల్ స్టడీ అవర్స్‌లో చేయగలిగినవి కొన్ని చెబుతాను. వీటికి డబ్బు ఖర్చేమీ లేదు.

ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక ఒక పాత ప్రశ్నపత్రం తీసుకొని, అసలు పరీక్షకు ఇచ్చినంత సమయమే పెట్టుకొని, మధ్యలో లేవకుండా, పుస్తకం తెరవకుండా రాయాలి. మొదట ప్రశ్నపత్రం అంతా చదివి, బాగా వచ్చిన ప్రశ్నలకు టిక్కు పెట్టుకోవాలి. ఏ విభాగానికి ఎన్ని నిమిషాలో ముందే రాసుకోవాలి. రాసిన పేపరును మనమే దిద్దుకోకూడదు. పక్క స్నేహితుడికి ఇచ్చి, అతని పేపరు మనం దిద్దాలి. ఎదుటివాడి తప్పు పట్టుకునే కన్ను మన తప్పును కూడా త్వరలోనే పట్టుకుంటుంది. తప్పిన లెక్కను అదే రోజు ఒకసారి, వారం తర్వాత పుస్తకం చూడకుండా ఇంకోసారి చేయాలి. రెండోసారి వస్తేనే అది వచ్చినట్టు.

ఇంకొక మాట. స్థాయిని సబ్జెక్టు మొత్తానికి కాక, పాఠం పాఠానికి ఎంచుకోండి. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం తేలిగ్గా వచ్చే విద్యార్థికి త్రికోణమితి కొరుకుడు పడకపోవచ్చు. అప్పుడు అతను త్రికోణమితిలో మాత్రం తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి, మిగతా పాఠాల్లో కష్టమైనవే చేయాలి. త్రికోణమితి ఎందుకు రావడం లేదని వెనక్కి చూస్తే సరూప త్రిభుజాలో, పైథాగరస్ సిద్ధాంతమో దగ్గర ముడి కనిపిస్తుంది. ఆ ముడి విప్పితే దారం దానంతటదే వస్తుంది. లెక్కల్లో నువ్వు సి గ్రూపు అని ముద్ర వేసుకుంటే ఆ ముడి ఎక్కడుందో ఎప్పటికీ కనిపించదు.

మనకు దక్కని ఎంపిక విలువ మనకే తెలియాలి

డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితంలో ఒక సంగతి మనం తరచుగా గుర్తు చేసుకోవాలి. బొంబాయిలో హైస్కూలు చదివే రోజుల్లో ఆయన సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరాని కులంవాడని సంస్కృతం తీసుకోనివ్వలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907 లో ఆయన మెట్రిక్ పాసయ్యారు. తర్వాత కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాల దాకా వెళ్ళారు. చిన్ననాడు తనకు దక్కనివ్వని సంస్కృతాన్ని పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నారు.

ఆ అన్యాయమూ మన సి గ్రూపూ ఒకటేనని నేననడం లేదు. అక్కడ ద్వేషం ఉంది, ఇక్కడ లేదు. కానీ ఆ సంగతిలో మనకొక పాఠం ఉంది. ఏ సబ్జెక్టు చదవాలి, ఎంత లోతుగా చదవాలి అన్నది చిన్న విషయం కాదు. ఆ ఎంపిక దక్కడం కోసం మన ముందు తరాలు పోరాడాయి. హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు అన్నీ ఆ ఎంపికను మన చేతిలో పెట్టడానికి వచ్చినవే. అలాంటిదాన్ని ఒక ప్రీ ఫైనల్ మార్కు చూసి మనంతట మనమే వదులుకోవడం తగునా?

గ్రూపు ఎంపిక దగ్గర

పదో తరగతి తర్వాత ఇంటర్ గ్రూపు దగ్గర ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఎం.పి.సి., బై.పి.సి. తెలివైనవారికి, సి.ఇ.సి., హెచ్.ఇ.సి. మిగతావారికి అనే మాట మన ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది శుద్ధ తప్పు. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం ఇష్టపడి చదివినవారు న్యాయవాదులయ్యారు, అధ్యాపకులయ్యారు, సివిల్స్, గ్రూప్స్ రాసి అధికారులయ్యారు. సివిల్స్ పరీక్షకు డిగ్రీ ఉంటే చాలు, అది ఏ సబ్జెక్టులో అని అడగరు. హెచ్.ఇ.సి. ని ఇష్టంతో ఎంచుకున్నవాడు గొప్పవాడే. లెక్కలకు భయపడి హెచ్.ఇ.సి. లోకి పారిపోయినవాడు మాత్రం చరిత్రను కూడా ప్రేమించలేడు.

పైగా లెక్కల నుండి ఎవరూ పూర్తిగా పారిపోలేరు. 2011 నుండి సివిల్స్ ప్రిలిమినరీలో ఉన్న రెండో పేపరులో పదో తరగతి స్థాయి లెక్కలు అడుగుతున్నారు. పోలీసు ఉద్యోగాలకైనా, బ్యాంకు ఉద్యోగాలకైనా అంకగణితం ఉండనే ఉంది. పదో తరగతిలో మనం వదిలేసిన పాఠం ఆరేడేళ్ళ తర్వాత ఉద్యోగ పరీక్షలో మన ఎదుట కూర్చుంటుంది.

అలాగే బలవంతంగా ఎం.పి.సి. లో చేరడం కూడా మంచిది కాదు. స్నేహితుడు చేరాడని, కాలేజీ వారు ఊరికి వచ్చి చెప్పారని చేరి, ఫస్టియర్‌లోనే బ్యాక్‌లాగులతో సతమతమయ్యే పిల్లలను చూస్తున్నాం. లెక్కలు ఇష్టం, కానీ ఇంటర్ పద్ధతి భారమనిపించేవారికి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరే దారి ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశం ఇచ్చే ట్రిపుల్ ఐటీలు 2008 నుండి ఉన్నాయి. కష్ట స్థాయికి ఒకటే మెట్టు లేదు. నిదానంగా ఎక్కేవారికి చిన్న మెట్లు కూడా ఉన్నాయి. వాటి సంగతి తెలియకుండా నిర్ణయం తీసుకోవద్దన్నదే నా మనవి.

ఎంచుకునే ముందు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ సబ్జెక్టు నాకు రాదని నేను తెలుసుకున్నానా, ఎవరైనా అంటే నమ్మానా? ఇది వదిలేస్తే ఏయే దారులు మూసుకుపోతాయో అడిగి తెలుసుకున్నానా? రేపు మనసు మారితే తిరిగి రావడానికి ఏ దారి ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికాక తేలిక స్థాయి తీసుకున్నా, కష్ట స్థాయి తీసుకున్నా అది మీ నిర్ణయం అవుతుంది. దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

పెద్దలకు మనవి

వార్డెన్ గారికి, ట్యూటర్లకు, పాఠశాల ఉపాధ్యాయులకు వినయంగా ఐదు మనవులు.

ప్రీ ఫైనల్ జవాబుపత్రాలు దిద్దిన తర్వాత పిల్లల చేతికి తప్పకుండా ఇవ్వండి. గ్రూపులు చేయవలసి వస్తే సబ్జెక్టువారీగా చేయండి. సామాన్య శాస్త్రంలో వెనకబడిన విద్యార్థి సాంఘిక శాస్త్రంలో కూడా వెనకబడినవాడేనన్న నియమం లేదు. రెండు మూడు వారాలకొకసారి చిన్న పరీక్ష పెట్టి, మెరుగైనవారిని పై గ్రూపులోకి తీసుకోండి. గ్రూపులకు ఎ, బి, సి అని కాక వేరే పేర్లు పెట్టండి. పాస్ మార్కుల మెటీరియల్‌ను మొదటి మెట్టుగా ఇవ్వండి, ఆఖరి మెట్టుగా కాదు. ఆ పది పేజీలు వచ్చిన పిల్లవాడికి పదకొండో పేజీ అందించే బాధ్యత కూడా మనదే.

ఇక మన పాత విద్యార్థులకు. మనం వార్షికోత్సవానికి వచ్చి, శాలువా కప్పించుకొని, ఫోటో దిగి వెళ్తున్నాం. అది సంతోషమే. కానీ జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక ఆదివారం వచ్చి పది జవాబుపత్రాలు దిద్ది, పిల్లల పక్కన కూర్చొని తప్పులు చూపిస్తే అది అంతకన్నా పెద్ద పండుగ. మనలో లెక్కలు చెప్పగలవారున్నారు, ఇంగ్లీషు చెప్పగలవారున్నారు, పాలిటెక్నిక్, ఇంటర్, ఐటిఐ దారులన్నీ నడిచి వచ్చినవారున్నారు. స్టడీ హాలుకు ఒక పెద్ద గోడ గడియారం, పాత ప్రశ్నపత్రాలు ఒక బొత్తి, ఎర్ర పెన్నుల పెట్టె ఒకటి - ఇవి మనం ఈ సంవత్సరమే ఇవ్వగలిగినవి. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లలకు గ్రూపు ఎంపిక సమయంలో సలహా చెప్పే అన్న, అక్క స్థానం మనదే.

చివరిగా పదో తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. మీ పేరు జాబితాలో ఏ వరుసలో ఉన్నా, పబ్లిక్ పరీక్ష రోజు మీ బల్ల మీద పెట్టే ప్రశ్నపత్రం అందరిదీ ఒకటే. దాన్ని మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా చదివే హక్కు మీకుంది. దానికోసం పుస్తకాన్ని కూడా మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా తెరవండి. రానిచోట అడగండి. ఎన్నిసార్లయినా అడగండి.

మన వసతిగృహం విద్యార్థులందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. రాబోయే పరీక్షల్లో విజయం మీదే కావాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి